లాస్ గీల్ బొమ్మలు ఎన్నాళ్లు ఆగాలి? – యునెస్కో డైరెక్టర్ జనరల్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన డైరెక్టర్ జనరల్ గారికి,



హర్గేసా నుంచి బెర్బెరా రేవుకు వెళ్లే దారిలో యాభై కిలోమీటర్లు దాటాక, రోడ్డు వదిలి కాస్త లోపలికి పోతే ఒక గ్రానైటు గుట్ట వస్తుంది. దాని చరియల కింద దాదాపు ఐదు వేల ఏళ్ల నాటి ఆవులు నిలబడి ఉన్నాయి. మూపురాలు లేవు. కొమ్ములు పైకి లేచి మళ్లీ లోపలికి తిరిగాయి. మెడల కింద ఎరుపు తెలుపు చారలతో ఏదో పండుగకు చేసినంత శ్రద్ధగా అలంకారం ఉంది. ఆవుల దగ్గర చేతులు పైకెత్తిన మనుషులున్నారు, కుక్కలున్నాయి, ఒకచోట జిరాఫీ ఉంది. 2002 చివర్లో గ్జావియే గుతెర్ నాయకత్వంలో వచ్చిన ఫ్రెంచి పురావస్తు బృందం ఈ బొమ్మల సంగతి లోకానికి చెప్పింది. చుట్టుపక్కల పశువులు మేపుకునేవాళ్లకు అవి అంతకు ముందే తెలుసు. ఆఫ్రికా మొత్తంలో రంగు చెదరకుండా మిగిలిన రాతిబొమ్మల్లో వీటిని ముందు వరసలో చెబుతారు.

ఆ గుట్ట లాస్ గీల్. మీ ప్రపంచ వారసత్వ జాబితాలో దాని పేరు లేదు. దాని తరఫున దరఖాస్తు ఎవరు పెట్టాలన్న ప్రశ్న దగ్గరే వ్యవహారం ఆగిపోయింది.

ఆ నేలను 1991 మే 18 నుంచి సోమాలిల్యాండ్ అనే పేరుతో ఒక ప్రభుత్వం పాలిస్తోంది. దానికి ఎన్నికైన అధ్యక్షుడు, రెండు సభల పార్లమెంటు, కోర్టులు, పోలీసులు, సొంత షిల్లింగు, సొంత పాస్‌పోర్టు అన్నీ ఉన్నాయి. ఐక్యరాజ్యసమితిలో మాత్రం చోటు లేదు. 2025 డిసెంబరు 26న ఇజ్రాయెల్ గుర్తించేదాకా సమితి సభ్యుల్లో ఒక్క దేశమూ దాన్ని దేశమని ఒప్పుకోలేదు. ఆ గుర్తింపును సోమాలియా, ఆఫ్రికన్ యూనియన్ వెంటనే తోసిపుచ్చాయి. మీ దస్త్రాల ప్రకారం లాస్ గీల్ ఉన్నది సోమాలియాలో. 1972 నాటి ప్రపంచ వారసత్వ ఒడంబడికలో సోమాలియా 2020లో చేరింది కాబట్టి నామినేషన్ పంపే హక్కు దాని రాజధాని మొగదిషుది. గుట్టకు వెళ్లే దారి, అక్కడి కాపలా, అనుమతి కాగితం సోమాలిల్యాండ్ రాజధాని హర్గేసావి. హక్కున్నవాళ్లు ఆ గుట్ట ఎక్కలేరు. ఎక్కగలిగినవాళ్లు సంతకం చేసిన కాగితాన్ని మీ కార్యాలయం తీసుకోదు.

సోమాలిల్యాండ్‌ను దేశంగా గుర్తించమని కోరడానికి ఈ లేఖ రాయడం లేదు. అది మీ సంస్థ ఒక్కటే తేల్చగలిగేది కాదు. ఆ తగవు తేలేదాకా అక్కడి బొమ్మలు, పాటలు, పాత ఊళ్లు దిక్కులేకుండా ఉండనక్కర్లేదని, అందుకు మీ ఒడంబడికలోనే దారి ఉందని చెప్పడానికి రాస్తున్నాను.

నేను తెలుగువాణ్ణి. మా పాలంపేటలోని పదమూడో శతాబ్దపు రామప్ప గుడి 2021 జులైలో మీ జాబితాలో చేరింది. ఆ రోజు ఇక్కడ ఎంతమంది ఎంత సంతోషపడ్డారో మాటల్లో చెప్పలేను. ఆ ఫైలు పారిస్ దాకా రావడానికి వెనక పురావస్తు శాఖ ఉంది, రాష్ట్ర ప్రభుత్వం ఉంది, ఢిల్లీ ఉంది, మీ సభల్లో మాట్లాడే మా ప్రతినిధులున్నారు. వీళ్లెవరూ లేకపోయినా రామప్ప శిల్పం ఇంతే గొప్పగా ఉండేది. జాబితాలో మాత్రం ఉండేది కాదు. లాస్ గీల్‌కు జరుగుతున్నది అదే.

అయితే నన్ను మొదట సోమాలిల్యాండ్ వైపు తిప్పినవి బొమ్మలు కావు, పద్యాలు. మా తెలుగు పద్యానికి యతి ప్రాణం. పాదం మొదట్లో పడిన అక్షరం అదే పాదంలో మళ్లీ ఒక నిర్ణీత స్థానంలో పలకాలి. సోమాలీ కవులకూ ఇలాంటి నియమమే ఉందని, అది మా దానికంటే కఠినమని తెలిసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. వాళ్ల కవి మొదటి పాదంలో ఏ ధ్వనిని పట్టుకుంటే, వందల పాదాలైనా సరే, కడదాకా ప్రతి పాదంలోనూ ఆ ధ్వనితో మొదలయ్యే మాట రావాలి. మాకు పాదం మారితే యతి మారుతుంది. వాళ్లకు పద్యం పూర్తయ్యేదాకా విడుదల లేదు. అచ్చులకు మాత్రం ఒకదానికొకటి చెల్లే వెసులుబాటు ఉంది. మగవాళ్లు చెప్పే గంభీరమైన గబయ్ ఉంది, ఆడవాళ్ల సొంత ఛందస్సు బురాన్‌బుర్ ఉంది, పూర్వం గుర్రం మీద యుద్ధానికి పోతూ చెప్పిన గెరార్ ఉంది. వీటి మాత్రల లెక్కను మొదటిసారి శాస్త్రంగా విప్పి 1976లో ప్రచురించింది కూడా ఒక కవే. ఆయన మొహమ్మద్ హాషి ధమా, లోకం పిలిచే పేరు గార్రియె.

సోమాలీ భాషకు అధికారిక లిపి 1972లో వచ్చింది. అంతకు ముందు శతాబ్దాల కవిత్వమంతా నోటి మీదే బతికింది. పద్యాన్ని కంఠతా పట్టినవాడు ఒక్క మాట మార్చకుండా చెప్పాలి, ముందుగా కవి పేరు చెప్పాలి. కవి పేరు దాచి తనదిగా చెప్పుకోవడం వాళ్లలో పెద్ద తప్పు. అవధానాలు చూస్తూ పెరిగిన తెలుగువాడికి ఈ ధారణ మర్యాద కొత్తగా అనిపించదు.

కాసెట్టు వచ్చాక ఈ కవిత్వం రెక్కలు కట్టుకుంది. 1979లో గార్రియె ‘ద’ ధ్వని మీద ఒక పద్యం కట్టి తెగల పక్షపాతాన్ని ఎండగట్టాడు. హద్రావి అనే మరో కవి అదే ధ్వనితో జవాబిచ్చాడు. ఆ తర్వాత పదుల సంఖ్యలో కవులు దూకారు, అందరూ అదే ధ్వని మీద. దేలె అని పేరు పడిన ఆ పద్యాల గొలుసును సోమాలియా నియంత సియాద్ బర్రె ప్రభుత్వపు రేడియో వినిపించలేదు. కాసెట్ల మీద కాసెట్లు తీసుకుని లారీల్లో, ప్రయాణికుల సంచుల్లో ఊరూరా పంచుకున్నారు. హద్రావి అప్పటికే ఆ ప్రభుత్వపు జైల్లో 1973 నుంచి ఐదేళ్లు గడిపి వచ్చినవాడు. నియంతను ఎదిరించిన కవులు మాకూ ఉన్నారు గనుక ఆ కాసెట్టు చేతులు మారినప్పటి భయం, ఉత్సాహం రెండూ ఊహించగలను. ఆ హద్రావి 2022 ఆగస్టులో హర్గేసాలో కన్నుమూశాడు. గార్రియె 2012లోనే వెళ్లిపోయాడు. వాళ్ల గొంతులు ఇప్పుడు ఉన్నది టేపుల మీదే.

ఆ టేపుల కథ మీకు తప్పకుండా తెలియాలి.

హర్గేసా రేడియో 1943లో బ్రిటిష్ వారి కాలంలో, కుడు అనే జింక పేరుతో మొదలైంది. తర్వాతి నాలుగు దశాబ్దాల పాట, నాటకం, పద్యం అక్కడ పోగుపడ్డాయి. 1988 మే నెలాఖరున సోమాలీ నేషనల్ మూవ్‌మెంట్ తిరుగుబాటుదారులు బురావ్, హర్గేసా పట్టణాల్లోకి దిగారు. దానికి బదులుగా సియాద్ బర్రె ప్రభుత్వం తన సొంత దేశపు పట్టణం మీద బాంబులు వేసింది. ఆ విమానాలు హర్గేసా విమానాశ్రయం నుంచే లేచి హర్గేసా ఇళ్ల మీదే బాంబులు వదిలాయి. ఊరిలో అత్యధిక భాగం నేలమట్టమైంది. చనిపోయినవాళ్లు యాభై వేలకు తగ్గరని అంచనా. లక్షల మంది కాలినడకన ఇథియోపియా సరిహద్దు దాటారు. ఆ గడబిడలో రేడియో మనుషులు, కళాకారులు కొందరు టేపులను ఊడబెరికి మట్టిలో పాతిపెట్టారు, కొన్నిటిని సరిహద్దు దాటించారు. ప్రాణాలు దక్కించుకోవలసిన గంటలో పాటలను దక్కించుకున్న మనుషులు వాళ్లు.

ఆ పాటలు తర్వాత బయటికొచ్చాయి. హర్గేసాలో జామా ముస్సె జామా ఆధ్వర్యంలో నడుస్తున్న సాంస్కృతిక కేంద్రం ఇళ్లలో మూలుగుతున్న కాసెట్లను కూడా ఏరి తెచ్చి దాచింది. అక్కడి కాసెట్లు పదివేలు దాటాయి. వాటిలోంచి ఏరిన పాటలతో వచ్చిన ‘స్వీట్ ఆజ్ బ్రోకెన్ డేట్స్’ అనే సంకలనం గ్రామీ పురస్కారానికి నామినేషన్ దాకా వెళ్లింది. జామా బృందమే 2008 నుంచి ఏటా హర్గేసాలో పుస్తకాల పండుగ జరుపుతోంది. బాంబు దెబ్బలు తిన్న ఊళ్లో యువకులు కవిత్వం వినడానికి గుంపులుగా వస్తారు. యుద్ధంలో గాయపడ్డ తిరుగుబాటుదారుల దగ్గర పాడి, తర్వాత ఫ్రాన్సులో తలదాచుకున్న గాయని సహ్రా హల్గాన్ తిరిగి వచ్చి పాట, భోజనం ఒకచోట దొరికే వేదికను హర్గేసాలో నడిపింది. ఇదంతా బయటి ప్రపంచం పెద్దగా చేయి వేయకుండా జరిగింది. కానీ అయస్కాంత టేపుకు ఆయుష్షు ఉంటుంది. దాని మీది పూత రాలిపోతుంది, వేడికి అంటుకుపోతుంది, ఆడించే యంత్రాలే దొరకని రోజు వస్తుంది. మనుషుల పట్టుదల పూత రాలడాన్ని ఆపలేదు.

ఇంతకీ సోమాలిల్యాండ్ ప్రభుత్వం ఎలా పుట్టిందో ఒక మాట చెప్పాలి, అది కూడా సంస్కృతి లోపలి విషయమే కాబట్టి. బ్రిటిష్ సోమాలిల్యాండ్‌ను మొదట్లో, 1898 దాకా, పాలించింది బ్రిటిష్ ఇండియా ప్రభుత్వమే. దశాబ్దాల పాటు అక్కడ చెలామణీ అయింది భారత రూపాయే. 1960 జూన్ 26న స్వతంత్ర దేశమైంది. ఐదు రోజులు తిరగకుండా, జులై 1న, ఇటలీ పాలన కింద ఉండిన దక్షిణ భాగంతో ఇష్టపూర్వకంగా కలిసింది. 1961 చివర్లో ఉత్తరాది యువ సైనికాధికారులు విడిపోవాలని తిరుగుబాటు చేసి పట్టుబడితే, రెండు భాగాలను కలిపిన చట్టమే సరిగా లేదని కోర్టు వాళ్లను వదిలిపెట్టింది. అక్కడి నుంచి 1988 దాకా జరిగింది మీకు తెలుసు.

1991లో బురావ్ పట్టణంలో విడిపోతున్నట్టు ప్రకటించాక తెగల మధ్య మళ్లీ తుపాకులు లేచాయి. 1993లో బోరమా పట్టణంలో తెగల పెద్దలు నూట యాభై మంది కూర్చున్నారు. నెలల తరబడి కూర్చున్నారు. హేర్ అని వాళ్లు పిలుచుకునే నోటి ధర్మం ప్రకారం నష్టపరిహారాలు తేల్చారు, ఒడంబడికలు రాశారు, మొహమ్మద్ ఇబ్రహీం ఎగాల్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆ పెద్దల సభే గూర్తి పేరుతో పార్లమెంటు పైసభ అయింది. 1994 నుంచి రెండేళ్లు మళ్లీ పోరు జరిగింది, మళ్లీ మాటలతోనే చల్లార్చుకున్నారు. 2003 అధ్యక్ష ఎన్నికలో గెలిచినవాడికీ ఓడినవాడికీ తేడా మొదటి లెక్కలో 80 ఓట్లు. ఓడినవాడు కోర్టుకు వెళ్లాడు, తీర్పు విన్నాడు, ఇంటికి వెళ్లాడు. 2010లో ఆయనే గెలిచి అధ్యక్షుడయ్యాడు. చెట్టు కింద మాటతో తగవు తీర్చుకోవడం తరతరాలుగా వచ్చిన అలవాటు కావడం వల్లే ఇది సాధ్యమైందని నేను నమ్ముతున్నాను. పద్యం చెప్పే నోరూ, రాజీ కుదిర్చే నోరూ అక్కడ ఒకటే.

ఆ నోటి ధర్మంలో ఒక శాఖను మీరు ఇప్పటికే గౌరవించారు. ఈసా తెగవారి హేర్‌ను 2024 డిసెంబరులో జిబూటి, ఇథియోపియా, సోమాలియాల ఉమ్మడి నామినేషన్ మీద అమూర్త వారసత్వ జాబితాలోకి తీసుకున్నారు. చాలా మంచి పని. ఆ తెగ పెద్ద ఉగాస్‌కు పట్టం కట్టే సంప్రదాయం ఉన్నది జైలా పట్టణంలో. ఇబ్న్ బతూతా పద్నాలుగో శతాబ్దంలో దిగిన ఆ పాత రేవు ఈనాడు సోమాలిల్యాండ్ పాలనలో ఉంది. సరిహద్దు ఎవరిదన్న ప్రశ్నను పక్కన పెట్టి సంప్రదాయాన్ని అందుకోవడం సాధ్యమేనని మీ సంస్థే చూపించిందన్నమాట.

సోమాలిల్యాండ్ పక్షాన మాత్రమే మాట్లాడితే ఈ లేఖకు విలువ ఉండదు. తూర్పున సూల్ ప్రాంతంలోని చాలామంది ధుల్‌బహంతె తెగవారు తాము సోమాలిల్యాండ్ వాళ్లం కామంటారు. 2023లో లాస్ అనోద్ పట్టణంలో నెలల తరబడి యుద్ధం జరిగింది. పౌరుల ఇళ్లు, ఆసుపత్రి ఫిరంగి దెబ్బలు తిన్నాయి, జనం ఊరు వదిలి పారిపోయారు. ఆ ఆగస్టులో సోమాలిల్యాండ్ సైన్యం వెనక్కి తగ్గింది. హర్గేసా మీద బాంబులు పడ్డ బాధ తెలిసినవాళ్ల పాలనలో ఇది జరగడం నాకు చాలా బాధ కలిగించింది. ఆ సూల్ ప్రాంతంలోనే తలేహ్ కోట ఉంది. బ్రిటిష్ వారితో ఇరవై ఏళ్లు పోరాడిన సయ్యద్ మొహమ్మద్ అబ్దుల్లె హసన్ కోట అది. ఆయన యోధుడే కాదు, సోమాలీ భాషలో మహాకవి. 1920లో పన్నెండు విమానాలతో వచ్చిన బ్రిటిష్ వాయుసేన ఆ కోట మీద బాంబులు వేసింది. ఆఫ్రికాలో వలస పాలకులు ఆకాశం నుంచి చేసిన తొలి దాడుల్లో అదొకటి. తలేహ్ ఎవరిదని అడిగితే ముగ్గురు మూడు జవాబులు చెబుతారు. ఆ రాళ్లను కాపాడాలా అని అడిగితే ముగ్గురిదీ ఒకటే జవాబు అవుతుంది. నా వాదన నిలబడేది ఆ రెండో ప్రశ్న మీదే.

ఇప్పుడు మీ ఒడంబడిక సంగతి. దాని 11వ అధికరణం మూడో ఖండం ఏమంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. జాబితాలో చేర్చడానికి సంబంధిత రాజ్యం ఒప్పుకోలు కావాలి. ఒక నేల మీద సార్వభౌమత్వం తమదని ఒకరికంటే ఎక్కువ రాజ్యాలు అంటున్నప్పుడు, అక్కడి స్థలాన్ని జాబితాలో చేర్చినంత మాత్రాన ఎవరి హక్కూ పెరగదు, తరగదు. ఈ ఖండం రాసినవాళ్లు తగాదా నేలల మీద కూడా మనుషుల చేతిపని ఉంటుందని ముందే ఆలోచించారు. దీని నీడలోనే 1981లో జోర్డాన్ ప్రతిపాదన మీద జెరూసలేం పాత నగరం జాబితాలో చేరింది. కొసావోలోని దెచాని మఠం 2004లో చేరింది. ఆ తగవులేవీ ఈనాటికీ తీరలేదు. గోడలు, చిత్రాలు మాత్రం మీ కంటి ముందు ఉన్నాయి.

సోమాలిల్యాండ్ విషయంలో ఆ ఖండాన్ని అక్షరాలా వర్తింపజేయడం కష్టమని న్యాయవాదులు అనవచ్చు. హర్గేసాను మీరు రాజ్యంగా లెక్కించరు కాబట్టి రెండు రాజ్యాల తగవు కింద ఇది రాదంటారు. సరే, నామినేషన్ మీద మొగదిషు సంతకమే ఉండనివ్వండి. కానీ ఆ నామినేషన్‌కు కావలసిన కొలతలు, ఫొటోలు, సంరక్షణ ప్రణాళిక హర్గేసాలో పనిచేసే పురావస్తు ఉద్యోగుల చేత తయారు చేయించండి. వాళ్ల పేర్లు అందులో ఉండాలి. హక్కుల మీద ఎవరి మాటా మారదని మొదటి పేజీలో రాయించండి. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టగల మధ్యవర్తి ఈ విషయంలో మీరు కాక మరెవరున్నారు? రాజకీయాల మీద ఏమీ ఒప్పుకోనక్కర్లేకుండా ఆ ఇద్దరు కలిసి చేయగల పనుల్లో ఇదొకటి.

జాబితాకు ఏళ్లు పడతాయి. అంతలోపల చేయగలిగింది చాలా ఉంది. లాస్ గీల్ చరియల మీద వాననీటి దారులు మళ్లించాలి, పక్షుల గూళ్లు, పురుగుల పుట్టలు గమనించాలి, చూడవచ్చేవాళ్ల చేతులు తగలకుండా చూడాలి. సాదా మీరె అనే సోమాలీ పురావస్తు శాస్త్రవేత్త 2007లో గుర్తించిన ధంబలిన్ గుట్ట దీనికంటే దూరంగా, దీనికంటే దిక్కులేకుండా ఉంది. అక్కడి గొర్రెల బొమ్మలు ఆఫ్రికా కొమ్ము ప్రాంతంలో పశుపోషణ చరిత్రకు గొప్ప ఆధారం. వీటి దగ్గరికి ఒక నిపుణుల బృందం వెళ్లి రావడానికి, గుట్ట దగ్గర ఉండే కాపలాదారులకు, పురావస్తు ఉద్యోగులకు శిక్షణ ఇవ్వడానికి ఏ దేశపు సార్వభౌమత్వం మీదా సంతకం అక్కర్లేదు. పిల్లలకు టీకాలు వేయడానికి ఐక్యరాజ్యసమితి సోదర సంస్థలు హర్గేసాలో పని చేస్తూనే ఉన్నాయి. రాతిబొమ్మలకు అదే పద్ధతి ఎందుకు కుదరదు?

కాసెట్ల విషయం ఇంకా సులువు. అవి ఒక సాంస్కృతిక కేంద్రంలో, ఒక రేడియో కార్యాలయంలో ఉన్నాయి. డిజిటల్ రూపంలోకి మార్చే యంత్రాలు, ఒకటి రెండు ప్రతులను వేరే దేశాల్లో భద్రపరిచే ఏర్పాటు, పాడినవాళ్ల హక్కులు పోకుండా ఒప్పందాలు. ఇంతే కావాలి. మీ ‘ప్రపంచ స్మృతి’ కార్యక్రమం నిపుణులు చేయి కలిపితే ఈ పని మొదలవుతుంది. కవి పేరు చెప్పకుండా పద్యం చెప్పకూడదన్న వాళ్ల నియమాన్ని ఆ రికార్డుల పట్టికలోనూ పాటించమని మాత్రం ప్రత్యేకంగా వేడుకుంటున్నాను. ప్రతి రికార్డు మీదా కట్టిన కవి, పాడినవాళ్లు, రికార్డు చేసినవాళ్ల పేర్లు రావాలి. ఆ పేర్లు గుర్తున్న పెద్దవాళ్లు ఇంకా హర్గేసాలో, బురావ్‌లో, బోరమాలో, ప్రవాసంలో బతికే ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి అడిగి రాసుకోవలసిన సమయం ఇదే.

మీ ప్రపంచ వారసత్వ కమిటీ వచ్చే సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు పెట్టమని, దానికి ముందు ఒక సాంకేతిక బృందాన్ని లాస్ గీల్‌కు, హర్గేసా కాసెట్ల గదికి పంపమని కోరుతున్నాను. ఈ లేఖ ప్రతిని భారత విదేశాంగ మంత్రి గారికి కూడా పంపుతున్నాను. మా రామప్ప ఫైలును పారిస్‌లో నడిపించిన దేశం, ఈ చిన్న అభ్యర్థనకు కమిటీ ముందు ఒక గొంతు ఇవ్వగలదు.

ఇట్లు,
ఒక తెలుగు పద్యాభిమాని